చెక్క పడవ అద్దెకి మాట్లాడుకునే ముందు ఒక పలక ఎత్తి చూడండి

పోయిన సంచికలో పాత చెక్క ప్రయాణికుల పడవల్ని ఈమధ్య ఫంక్షన్లకీ పార్టీలకీ ప్రైవేటుగా అద్దెకిస్తున్నారని ఒక చిన్న ముక్క రాశాను, దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అస్సలు అనుకోలేదు. అన్నిటికీ జవాబివ్వడం కుదరదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఏరి పెట్టాను. ఇరవై ఏళ్ళకి పైగా చెక్క పడవల రిపేరు పనిలో ఉన్నవాణ్ణి, తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ప్రశ్న: సర్, మా కాలేజీ బ్యాచ్ నలభై మందిమి కలుద్దామని ఒక పాత చెక్క పడవని రోజంతా అద్దెకి మాట్లాడుకున్నాం. తొంభై ఏళ్ళ నాటిదంట, రెండు డెక్కులు, ఇత్తడి రెయిలింగులు, చూడ్డానికి ఎంత బాగుందో. తీరా ఇప్పుడు సగం మంది "అంత పాత చెక్కదా, నట్టనడుమ మునిగితే దిక్కెవరు" అంటున్నారు. తీసుకోమంటారా, వద్దంటారా?

జవాబు: తీసుకోండి. కానీ డబ్బు కట్టేముందు ఇద్దరు ముగ్గురు వెళ్ళి పడవని ఒకసారి చూసి రండి.

వయసు గురించి బెంగ పెట్టుకోకండి. చెక్క పడవని రెండు మూడేళ్ళు పట్టించుకోకుండా వదిలేస్తే చాలు పాడైపోతుంది, అలాంటిది తొంభై ఏళ్ళు నీళ్ళ మీద తిరుగుతోందంటే ఎవరో ఒకరు ఏటేటా దాని ఒళ్ళు చూసుకుంటూ వచ్చారనే కదా. అందుకే ఓనర్ని ఎప్పుడు కట్టారని తర్వాత అడగొచ్చు, ముందు చివరిసారి ఎప్పుడు గట్టు మీదకి లాగి అడుగు చూశారో అడగండి. మంచి ఓనరైతే టక్కున నెల, సంవత్సరం చెప్పేస్తాడు, ఏ పలక మార్చారో కూడా వేలు పెట్టి చూపిస్తాడు. నీళ్ళు నమిలాడంటే ఆలోచించుకోండి.

తర్వాత లోపలికి దిగి, కాళ్ళ కింద తీసి పెట్టే పలకలుంటాయి, అందులో ఒకటి ఎత్తమనండి. ఎత్తనన్నాడంటే ఇంక మాట్లాడక్కర్లేదు, వచ్చేయండి. ఎత్తితే ముందు వాసన చూడండి. తారు, డీజిలు, తడిచెక్క వాసన వస్తే అది మామూలే. మూసేసిన గదిలో పుట్టగొడుగుల వాసన లాంటిది వచ్చిందంటే ఎక్కడో చెక్క కుళ్ళుతోందని లెక్క. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, చెక్క పడవ నీళ్ళలో మునిగి ఉన్న చోట కంటే పైన వాననీళ్ళు నిలిచే చోటే ముందు కుళ్ళుతుంది. పూర్తిగా నీళ్ళలో నానే చెక్కకి గాలి తగలదు కాబట్టి బూజు బతకదు, అదే డెక్కు మూలలు, కిటికీల కింద, రెయిలింగు కర్రలు దిగిన చోట్లు అయితే తడుస్తూ ఆరుతూ తడుస్తూ ఆరుతూ ఉంటాయి, రోగం అక్కడే మొదలవుతుంది.

ఒకసారి ఒక పడవ చూడ్డానికి పిలిస్తే వెళ్ళాను, కొత్తగా తెల్ల రంగేసి తళతళలాడుతోంది. వెనక వైపు జెండా కర్ర దిగిన చోట రంగు మీద గోరంత పొక్కు కనిపించింది. స్క్రూడ్రైవరు మొన ఆనించి ఊరికే అలా నొక్కానో లేదో పిడి దాకా దిగిపోయింది, నాకే గుండె జారింది. బయటికి లాగితే మొనకి గోధుమరంగు ముద్ద, తడిసిన రంపపు పొట్టులా ఉంది, వేళ్ళ మధ్య నలిపితే పిండైపోయింది. చుట్టూ సుత్తితో తడుతూ పోయాను, బాగున్న చెక్క ఖంగుమంటుంది, ఇది డబ్బామీద గుడ్డ పరిచి కొట్టినట్టు డబ్ డబ్ మంది, అలా రెండు మూరల దాకా పోయింది. మర్నాడే ఆ పడవకి ఒక పార్టీ బుక్ అయి ఉంది. ఆ ఓనరు అక్కడే నిలబడి ఫోన్ చేసి క్యాన్సిల్ చేశాడు, ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం.

మీరు సుత్తి పట్టుకెళ్ళక్కర్లేదు, పడవని తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్ చూపించమంటే చాలు. అందులో ఎంతమందికి పర్మిషన్ ఉందో ఉంటుంది, మీ నలభై మంది దాని లోపలే ఉండాలి, పడవ నడిపేవాళ్ళని ఆ లెక్కలో కలిపారో లేదో కూడా అడగండి. అంతర్జాతీయ సముద్ర రూల్స్‌లో 12 మందికి మించి ప్రయాణికుల్ని ఎక్కించుకుంటే దాన్ని ప్యాసింజర్ షిప్ అనే అంటారు, దాని తనిఖీలు వేరు, కట్టుబాట్లు వేరు. సర్టిఫికెట్లో రాసిన నంబరు ఎవరో ఊరికే వేసింది కాదు. ఆ నంబరు కూడా ఒక్కోసారి పాతబడిపోతుంది, అమెరికాలో 2005 అక్టోబరులో లేక్ జార్జ్ అనే సరస్సులో ఈథన్ అలెన్ అనే టూర్ బోటు బోల్తా పడి 20 మంది పోయారు, ఎక్కింది 47 మంది ప్రయాణికులు, పర్మిషన్ దాటలేదు. తర్వాత విచారణలో తేలిందేంటంటే మనిషికి సగటున 140 పౌండ్లు, అంటే అరవై మూడు కిలోల పైచిలుకు అని ఎప్పుడో వేసిన లెక్క అది, పైగా మధ్యలో పైకప్పు మార్చి బరువైన చెక్క కప్పు వేశారు, ఆ మార్పు తర్వాత మళ్ళీ లెక్క కట్టలేదు. అన్నీ కలిపి చూస్తే ఆ బోటులో 14 మందికి మించి ఎక్కించకూడదని తేల్చారు. ఆ తర్వాత 2011లో అక్కడ మనిషి బరువు లెక్క 185 పౌండ్లకి పెంచారు. కాబట్టి మీరు ఓనర్ని ఇంకో మాట అడగండి, ఆ సర్టిఫికెట్ వచ్చాక పైన ఏమన్నా కట్టారా, కొత్త కప్పు గానీ ఏసీ గానీ వాటర్ ట్యాంకు గానీ. పడవకి పైబరువంత చేటు ఇంకోటి లేదు.

ప్రశ్న: అన్నా, మా బాబాయి ఒక కథ చెప్పాడు, యుద్ధం టైములో ఇరవై మంది పట్టే చెక్క పడవలో నూట ముప్పై మందిని తెచ్చారంట. అది నిజమైతే ముప్పై మంది పడవలో ముప్పై ఐదు మందిమి ఎక్కితే ఏమవుద్ది?

జవాబు: మీ బాబాయి చెప్పింది నిజమే తమ్ముడూ, కాకపోతే కథ సగంలో ఆపేశాడు. 1940 మే 26 నుంచి జూన్ 4 దాకా ఫ్రాన్స్‌లోని డంకర్క్ తీరం నుంచి 3,38,000 మందికి పైగా సైనికుల్ని ఇంగ్లండుకి చేరవేశారు, అందులో షికారు పడవలు, చేపల పడవలు, సొంత పడవలు కొన్ని వందలు పాల్గొన్నాయి. నువ్వు చెప్పే పడవ పేరు సన్‌డౌనర్, 58 అడుగుల చెక్క మోటారు పడవ, అంతకుముందెప్పుడూ 21 మందికి మించి ఎక్కించలేదు. దాన్ని నడిపింది చార్లెస్ లైటోలర్, టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ ఆఫీసర్లలో అందరికంటే పెద్ద హోదా ఆయనదే, అంటే సముద్రం బాగా తెలిసిన మనిషి. ఆయన సైనికుల్ని ముందు లోపల, కింద కింద కూర్చోబెడుతూ పడుకోబెడుతూ నింపుకుంటూ వచ్చాడు, అడుగున బరువుంటే పడవ నిలబడుతుంది కాబట్టి. ఇంతా చేసి తీరా ఒడ్డుకొచ్చాక, రామ్స్‌గేట్ రేవులో దిగుదామని సైనికులంతా ఒక్కసారే లేచి ఒక పక్కకి వచ్చేసరికి పడవ ఒరిగిపోయింది, ఆయన గట్టిగా అరిచి ఉన్నవాళ్ళని ఉన్నచోటే పడుకోమన్నాడు, అప్పటికి గానీ నిలవలేదు.

మీ ముప్పై ఐదు మంది అలా పడుకుంటారా చెప్పు. ఏదో ఒడ్డున అందమైన చోటు కనిపిస్తుంది, ఫోన్లు తీసుకుని అందరూ ఒకే పక్కకి ఉరుకుతారు, పైగా పై డెక్కు మీద. ఆ సైనికులు ప్రాణాల కోసం తప్పనిసరై ఎక్కారు, మనం సరదాగా ఎక్కుతున్నాం. ఐదుగురు ఒడ్డునే ఉండండి, లేదా రెండు ట్రిప్పులు వేసుకోండి.

ప్రశ్న: మేం ఎక్కిన చెక్క పడవలో పడవ నడిపే సరంగు గంటకోసారి పంపు వేసి నీళ్ళు తోడటం నేను చూశాను, మా వాళ్ళకి చెప్పలేదు గానీ ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. పడవ కారుతున్నట్టేనా?

జవాబు: అమ్మా, కారుతున్నట్టే, కానీ చెక్క పడవ కొద్దో గొప్పో ఊరుతూనే ఉంటుంది, అది దాని స్వభావం.

ఎలాగంటే, పలకకీ పలకకీ మధ్య సందులో నూలుపురి గానీ నార గానీ ఉలితో కొట్టి కూరుతారు, దాని మీద లప్పమో తారో పట్టిస్తారు. ఆ తర్వాత అసలు పని నీళ్ళే చేస్తాయి, చెక్క తడిసి ఉబ్బుతుంది, పలకలు ఒకదాన్నొకటి నొక్కుకుని సందులు బిగుసుకుపోతాయి. అందుకే నెలల తరబడి గట్టున ఎండిన పడవని నీళ్ళలోకి దింపితే మొదటి రోజు చూసినవాళ్ళు హడలిపోతారు, సందు సందునా ఊట. మా దగ్గర పనికి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు అలా చూసి నాకోసం పరుగెత్తుకుంటూ వచ్చాడు, "మునిగిపోతోంది మునిగిపోతోంది" అని ఒకటే కేకలు. పక్కన కూర్చోబెట్టాను. రాత్రంతా పంపు ఆడింది, పొద్దున్నకి ధార కాస్తా చెమటలా తగ్గింది, రెండో రోజు సాయంత్రానికి ఆగిపోయింది. వాడు అడుగు పలక మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు చాలాసేపు.

కాబట్టి మీరు చూడాల్సింది నీళ్ళున్నాయా లేవా అని కాదు, ఎప్పటిలాగే ఉన్నాయా లేక పెరుగుతున్నాయా అని. గంటకోసారి రెండు నిమిషాలు పంపు ఆడటం ఎప్పుడూ ఉండేదేనా అని సరంగుని అడిగితే చెప్తాడు, మీ సరంగు గంట తప్పకుండా చూసుకుంటున్నాడంటే మీరు మంచి చేతుల్లోనే ఉన్నారు. కరెంటు పంపుతో పాటు చేత్తో కొట్టే పంపు ఒకటి ఉందో లేదో మాత్రం చూడండి, ఇంజను ఆగి బ్యాటరీ పోతే ఆదుకునేది అదే.

ప్రశ్న: ఓనరు 1930ల నాటి పడవ అని చెప్పి ఎక్కువ అద్దె తీసుకున్నాడు, అక్కడ పనిచేసే వడ్రంగి మాత్రం పలకలు ముప్పాతిక వంతు కొత్తవే అన్నాడు. ఇది మోసం కాదా?

జవాబు: దాచి ఉంటే తప్పే, కానీ పలకలు మార్చడం మాత్రం మోసం కాదండీ. పడవ బతకాలంటే మార్చాల్సిందే. అమెరికా వాళ్ళ యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ 1797లో నీళ్ళలోకి దిగింది, ఇప్పటికీ తేలుతూనే ఉంది, దాంట్లో మొదటినాటి చెక్క పదో పదిహేనో శాతం ఉంటుందంతే, దాన్ని కొత్త ఓడ అని ఎవరూ అనరు. ఈ పేచీ గ్రీకుల కాలం నుంచీ ఉన్నదే, గ్రీకు కథల్లోని వీరుడు థీసియస్ ఓడ పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేశాక అది అదే ఓడా వేరేదా అని వాదించుకున్నారని ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత రాశాడు.

నా మటుకు నాకు అడుగున పొడుగునా పోయే వెన్నుదూలం, పడవ ఒంపు, రిపేరు చేసుకుంటూ వచ్చిన చేతుల వరస, ఇవి తెగకుండా ఉంటే అది ఆ పడవే. ఆ ఒంపు పోయిందనుకోండి, ముందూ వెనకా వాలిపోయి నడుము పైకి లేచిందనుకోండి, అన్నీ పాత పలకలే ఉన్నా ఏం లాభం. గట్టు మీద కాస్త దూరంగా నిలబడి పక్క నుంచి చూడండి, డెక్కు గీత చక్కగా ఒకే ఒంపులో పోతుంటే పడవ ఒళ్ళు బాగున్నట్టు, మధ్యలో విల్లులా ఉబ్బి ఉంటే వెన్ను దెబ్బతిన్నట్టు. పాత ఫొటోలు, రిపేరు రసీదులు ఉంటే చూపించమనండి, పాతదనానికి అసలు రుజువులు అవే.

ప్రశ్న: మా పెళ్ళిరోజు పార్టీకి పడవ నిండా కొవ్వొత్తులు, నూనె దీపాలు పెట్టిద్దామనుకున్నాం, పడవ వాళ్ళు ఒప్పుకోవట్లేదు. చిన్న చిన్న దీపాలే కదా, మరీ అంత పట్టుదలా?

జవాబు: ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా పడవ వాళ్ళ వైపే. దయచేసి పెట్టకండి.

జనరల్ స్లోకం అని ఒక షికారు స్టీమరు, 1891లో కట్టింది, ఒళ్ళంతా చెక్క. 1904 జూన్ 15న న్యూయార్క్‌లో ఒక చర్చి వాళ్ళు తమ పిక్నిక్ కోసం దాన్ని అద్దెకి తీసుకున్నారు, అచ్చం ఇప్పుడు మీరు తీసుకుంటున్నట్టే. పనిరోజు కాబట్టి ఎక్కినవాళ్ళలో ఎక్కువమంది తల్లులు, పిల్లలే. దీపాలు, గడ్డి, నూనె పెట్టుకునే గదిలో నిప్పంటుకుంది. పైపుల్లోకి నీళ్ళు వదిలితే పాతబడ్డ గుడ్డ పైపులు పగిలిపోయాయి. లైఫ్ జాకెట్లు పదమూడేళ్ళ నుంచి నెత్తిమీద వేలాడుతున్నవి, లోపలి బెండు పొడైపోయింది, తల్లులు నమ్మి పిల్లలకి తొడిగి నీళ్ళలోకి దింపితే తేలకుండా మునిగిపోయారు. వెయ్యి మందికి పైగా పోయారు. దానికి నెల ముందే తనిఖీ జరిగింది, అన్నీ బాగున్నాయని రాసేశారు కూడా. ఇది చదివిన ప్రతిసారీ నాకు చేతులు వణుకుతాయి, అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఏళ్ళ తరబడి రంగు మీద రంగు, వార్నిషు మీద వార్నిషు పట్టిన ఎండు చెక్క అది. బ్యాటరీ లైట్లు పెట్టుకోండి, ఇప్పుడు చాలా అందమైనవి దొరుకుతున్నాయి. మీరెలాగూ వెళ్తారు కాబట్టి ఒక లైఫ్ జాకెట్ తీసి చేత్తో పిసికి చూడండి, బెల్టు లాగి చూడండి, పిల్లల సైజువి విడిగా ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. పెద్దవాళ్ళది పిల్లలకి వేస్తే తలమీదుగా జారిపోతుంది. వంట గ్యాసు, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, కారితే పడవ అడుగున చేరి కనిపించకుండా కూర్చుంటాయి, అందుకని పొయ్యి వ్యవహారం కూడా ఒడ్డునే తేల్చుకుని వండినవే తెచ్చుకోండి.

ప్రశ్న: రాత్రి పూట తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, నడిపేవాడు కాకుండా చూపు పెట్టడానికే ఇంకో మనిషి ఉంటే. లండన్‌లో థేమ్స్ నది మీద 1989 ఆగస్టు 20 తెల్లవారుజామున మార్షియోనెస్ అనే 1923 నాటి షికారు పడవని ఒక ఇసుక తవ్వే ఓడ గుద్దింది, లోపల పుట్టినరోజు పార్టీ జరుగుతోంది, 51 మంది పోయారు. రెండు పడవల్లోనూ చుట్టూ సరిగా చూసుకోలేదనే తేలింది. సరంగు వెనక్కి తిరిగి చూడ్డానికి అడ్డంగా మీ డెకరేషన్ గుడ్డలు కట్టకండి, ఆయన చెవులకి పక్క పడవ హారన్ వినపడేంత సౌండులోనే పాటలు పెట్టుకోండి.

ప్రశ్న: అన్నీ రెడీ చేసుకుని అందరం వెళ్తే సరంగు గాలి ఎక్కువగా ఉందని పడవ తియ్యనన్నాడు. ఎండ కాస్తోంది, మబ్బు కూడా లేదు. మా మామయ్య గారు ఆయనతో గొడవ కూడా పెట్టుకున్నారు. డబ్బు వెనక్కి ఇచ్చేశారనుకోండి, అయినా ఇది న్యాయమేనా?

జవాబు: మీ బాధ నాకు తెలుసండీ, పిల్లలు ఎంత ఆశగా వచ్చుంటారో. కానీ పాత ప్రయాణికుల పడవకి పక్కలు ఎత్తు, కిటికీలు, పై కప్పు, గాలికి అదంతా తెరచాప లాగా పనిచేస్తుంది, రేవుకి ఆనించేటప్పుడు ఒక్క గాలి విసురు చాలు, చెక్క రాతిగోడకి కొట్టుకోవడానికి. ఇనప పడవైతే సొట్ట పడుతుంది, చెక్కకి పలకల్ని లోపలి నుంచి పట్టి ఉంచే పక్కటెముక లాంటి కర్ర విరుగుతుంది. బేరం పోయినా పర్లేదని డబ్బు వెనక్కిచ్చి మరీ వద్దన్నాడంటే అలాంటి సరంగు దొరకడం అదృష్టం. ఇంకో రోజు ఆయన దగ్గరికే వెళ్ళండి, మామయ్య గారిని కూడా తీసుకెళ్ళి చుక్కాని పక్కన కూర్చోబెట్టండి, ఇద్దరికీ స్నేహం కలుస్తుంది.

ప్రశ్న: మా తాతగారి ప్రయాణికుల పడవ షెడ్డులో పదకొండేళ్ళుగా పడుంది. టేకు చెక్కకి మంచి ధర వస్తుందని విడగొట్టి అమ్మేద్దామని అన్నయ్య అంటున్నాడు. అద్దెకి తిప్పితే ఎలా ఉంటుందని నాకుంది, కానీ నాకు పడవల గురించి ఏమీ తెలియదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

అన్నయ్యగారి మాట కొట్టిపారెయ్యకండి, పదకొండేళ్ళు ఎండిన పడవకి ఖర్చు బాగానే అవుతుంది, వచ్చిన అద్దెలో పెద్ద భాగం మళ్ళీ పడవకే పోతుంది ఏటేటా. లాభం కోసమైతే నేను చెప్పను. కానీ ప్రపంచంలో ఎక్కడ చూసినా పాత చెక్క పడవలు బతికి ఉన్నాయంటే ఎక్కువ చోట్ల ఈ అద్దెల వల్లనే, ఎవరో పుట్టినరోజుకి, ఎవరో పెళ్ళికి తీసుకుంటే ఆ డబ్బుతో ఒక పలక, ఒక డబ్బా రంగు, ఒక మనిషికి జీతం వస్తాయి. డంకర్క్‌కి వెళ్ళొచ్చిన చిన్న పడవల ఓనర్లు 1960ల్లో ఒక సంఘం పెట్టుకుని వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు, వాటిల్లో కొన్నిటిని ఇప్పటికీ అద్దెకి తీసుకుని నది మీద తిరగొచ్చు. చెక్క పడవ వాడకంలో ఉంటే గాలాడుతుంది, తడి ఆరుతుంది, ఎక్కడ చిన్న తేడా వచ్చినా రోజూ తిరిగే మనిషి కంట్లో పడుతుంది.

తొందరపడి నీళ్ళలోకి మాత్రం దింపకండి, ఇప్పుడు దింపితే సందులన్నీ తెరుచుకుని ఉంటాయి, నిలవదు. ముందు చెక్క పడవలు తెలిసిన సర్వేయర్ని పిలిపించండి, ఒకటి రెండు మేకులు పీకించి చూపించమనండి, మేకు నడుము సన్నబడి సూదిలా వస్తే మేకులన్నీ మార్చాలి, లావుగా నిండుగా వస్తే సగం గెలిచినట్టే. వెన్నుదూలం బాగుందన్నాడా, మిగతావి ఒక్కో ఏడూ కొంచెం కొంచెం చేసుకోవచ్చు. అది కూడా పోయిందంటే అన్నయ్య మాటే వినండి, తప్పేం లేదు, చుక్కాని చక్రం మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

షెడ్డులో కిటికీలుంటే తెరిపించండి, డెక్కు మూతలు తీసి పెట్టించండి, లోపల దుమ్మూ ఎండాకులూ ఊడిపించండి. ఇవి ఈ ఆదివారమే చెయ్యొచ్చు, ఖర్చు లేదు. ఊడ్చేటప్పుడు అడుగు పలకల కింద, వెన్నుదూలానికి ఎడమా కుడీ పొడుగునా పోయే దారుల్లో చెయ్యి పెట్టి చూడండి, నీళ్ళు పంపు దగ్గరికి జారడానికి పక్కటెముకల కింద చిన్న చిన్న బెజ్జాలుంటాయి, పాతకాలం వాళ్ళు వాటిల్లోంచి ఒక గొలుసు దూర్చి ఉంచేవాళ్ళు, ముందుకీ వెనక్కీ లాగితే మట్టి పోతుందని. మీ తాతగారి పడవలో ఆ గొలుసు ఇంకా ఉంటే నాకు తప్పకుండా రాయండి.